ట్రైనింగ్ ఇప్పించాను, చేసి పంపిన జాబులు మాత్రం వెనక్కే వస్తున్నాయి

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు మెషిన్ షాప్ ఉంది. నాన్నగారు రెండు పాత లేత్‌లతో మొదలుపెట్టారు. ఆయనకి గుండె ఆపరేషన్ అయ్యాక మూడేళ్ళుగా నేనే చూసుకుంటున్నాను. రెండు షిఫ్టులు కలిపి 34 మంది పనిచేస్తున్నారు. పెద్ద ప్లాంట్లకి కప్లింగ్ హబ్‌లు, ఫ్లాంజ్‌లు, షాఫ్టులు చేసి ఇస్తాం. ఏడాదిగా రిజెక్షన్లు పెరిగాయి. ముఖ్యంగా హబ్‌లు (షాఫ్ట్ చివర ఎక్కించే భాగాలు, మధ్యనుండే రంధ్రమే బోర్) "బోర్ టైట్, షాఫ్ట్ ఎక్కడం లేదు" అని తిరిగొస్తున్నాయి. ఎక్కువగా సాయంత్రం హడావిడిగా పంపినవే అలా వస్తాయి. బీచ్ రోడ్డులో ఒక హోటల్లో రెండు రోజుల క్వాలిటీ ట్రైనింగ్‌కి ఆరుగురిని పంపాను. ఏమీ మారలేదు. పైగా ఇద్దరు ఆ సర్టిఫికెట్ పట్టుకుని అచ్యుతాపురం వైపు వేరే కంపెనీల్లో చేరిపోయారు. ఇప్పుడొక కన్సల్టెంటు సిక్స్ సిగ్మా అనే క్వాలిటీ పద్ధతి పెట్టిస్తానని 6 లక్షలు అడుగుతున్నాడు. నాన్నగారి కాలం నుంచి ఉన్న పెద్ద టర్నర్ బాబాయ్ "ఇవన్నీ కాగితం పనులమ్మా" అంటాడు. తప్పు చేసినవాడి జీతంలో కొంత కోస్తున్నాను, దానికీ భయం లేదు. నేను ఫోన్ చేసి చెప్తే గానీ ఏ జాబ్ ముందో వాళ్ళకి తెలియదు. ఖరీదైన బోర్ గేజ్ (బోర్ లోపలి కొలత చూసే పరికరం) పాడుచేస్తారని నా రూములోనే పెట్టి తాళం వేస్తున్నాను. అంతా నేనే చూసుకోవాలి. లీన్, కైజెన్, ఫైవ్ ఎస్, సిక్స్ సిగ్మా: వీటిలో నాకు ఏది పనికొస్తుంది? నేర్పినవాళ్ళు వెళ్ళిపోతుంటే అసలు ట్రైనింగ్ ఎందుకు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ప్రశ్నలే కనిపించాయి. రెండోసారి చదివితే జవాబులో సగం అందులోనే ఉంది. మాటవరసకి మూడు ముక్కలు రాశారు: తిరిగొచ్చేవి సాయంత్రం పంపినవి, బోర్ గేజ్ మీ రూములో తాళంలో ఉంది, ఏ జాబ్ ముందో మీ ఫోన్ వస్తేగానీ తెలియదు. కన్సల్టెంటు వచ్చినా మొదటి వారమంతా తిరిగి తేల్చేది ఈ మూడే.

ముందు ఆ హబ్ సంగతి చూద్దాం. నేను మీ షాపు చూడలేదు కాబట్టి ఇది నా అనుమానం మాత్రమే. కానీ పరీక్షించడానికి పైసా ఖర్చు లేదు. 100 మిల్లీమీటర్ల బోర్, హెచ్7 ఫిట్ (బోర్ కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గ్రేడు) అనుకోండి. డ్రాయింగు మీకిచ్చే సందు సున్నా నుంచి 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 0.035 వంతు. ఇప్పుడు ఉక్కు గుణం చూడండి. ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. గట్టి కట్ వేసి అప్పుడే చక్ (లేత్‌లో జాబుని బిగించి తిప్పే భాగం) మీద ఆగిన హబ్, చల్లారినదానికంటే 30 డిగ్రీలు వేడిగా ఉందనుకుంటే, 100 మిల్లీమీటర్ల బోర్ దాదాపు 36 మైక్రాన్లు పెద్దదిగా కనిపిస్తుంది. మీకున్న సందంతా అక్కడే అయిపోయింది! చక్ మీద సరిగ్గా సరిపోయిన బోర్, లారీ ఎక్కి, ప్లాంటు స్టోర్స్‌లో ఒక రాత్రి పడుకుని, తెల్లారి చూసేసరికి టైట్. మీ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ ఇన్‌స్పెక్టరూ అబద్ధం చెప్పలేదు. ఒక నయం ఏమిటంటే టైటైన బోర్‌ని మళ్ళీ తియ్యొచ్చు. లూజైతే తుక్కే.

రేపే పది హబ్‌ల మీద చూడండి. చక్ మీద ఉండగానే ఒకసారి కొలిచి సుద్దతో హబ్ మీదే రాయండి. రెండు గంటలాగి, చల్లబడ్డాక మళ్ళీ కొలవండి. రెండు కొలతల మధ్య తేడా కనిపిస్తే నా అనుమానం నిజం. లేకపోతే ఇంకోచోట వెతుకుదాం: ఇన్సర్ట్ (కోసే మొన) అరిగిపోవడం, చక్ జాస్ ఎక్కువ బిగించడం, బోరింగ్ బార్ వణకడం.

నిజమే అని తేలిందనుకుందాం. వేడి జాబుని ఎందుకు కొలిచాడు? అర్జెంటు కాబట్టి ఆగే టైం లేదు. ఎందుకు అర్జెంటు? ఆ జాబ్ పొద్దున్న మొదలవలేదు, మధ్యాహ్నం మొదలైంది. ఎందుకు? పొద్దున్న మీరు ఫోన్ చేసి ఫ్లాంజ్‌లు ముందు కానివ్వమన్నారు. లేత్ మీదున్న సెట్టింగ్ విప్పి, ఫ్లాంజ్ ఎక్కించి, అవయ్యాక మళ్ళీ హబ్ ఎక్కించేసరికి పూట గడిచిపోయింది. పోనీ, దేంతో కొలిచాడు? వెర్నియర్‌తో. బోర్ గేజ్ ఎందుకు వాడలేదు? మీరు బ్యాంకుకి వెళ్ళారు, తాళంచెవి మీ హ్యాండ్‌బ్యాగులో ఉంది. 0.02 మిల్లీమీటర్ల లీస్ట్ కౌంట్ (చూపించగల అతిచిన్న కొలత) ఉన్న వెర్నియర్‌తో 35 మైక్రాన్ల సందుని పట్టుకోమనడం బియ్యం తూకం వేసే కాటా మీద బంగారం తూచమన్నట్టే.

ఇలా ఎందుకు, ఎందుకు అని తవ్వుకుంటూ పోవడాన్నే టయోటా వాళ్ళు అలవాటుగా చేసుకున్నారు. అక్కడి ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైఇచి ఓనో అయిదుసార్లు ఎందుకని అడగమనేవాడు. అయిదే అక్కర్లేదు, మూడుకి దొరికితే మూడు చాలు. కానీ "వర్కర్ అజాగ్రత్త" అన్న జవాబు దగ్గర మాత్రం ఆగకండి. అక్కడ ఆగితే మిగిలేది జీతం కోయడం ఒక్కటే.

ఆ జీతం కోత గురించి కాస్త కటువుగానే చెప్తాను, ఏమనుకోకండి. ఆ పని నేనూ చేశాను. సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో ఒక టర్నర్ వరసగా షాఫ్టులు పాడుచేస్తున్నాడని రిపోర్టు రాసి రెండు రోజుల జీతం పోగొట్టాను. శ్రీకాకుళం వైపు మనిషి, గొంతెత్తి మాట్లాడేవాడు కాదు. నెల తర్వాత మైక్రోమీటర్లన్నీ క్యాలిబ్రేషన్‌కి వెళితే అతని చేతిలోదే తప్పు చూపిస్తోందని తేలింది. వెళ్ళి చెప్పాను. "నాకప్పుడే డౌటొచ్చింది బాబూ, కానీ చెప్తే నమ్ముతారేటి?" అన్నాడు. ఆ నెల రోజులూ మైక్రోమీటర్ తప్పని అనుమానం ఉన్న మనిషి నోరు మూసుకుని, దాంతోనే పని చేశాడు. కోత వల్ల మాకు దక్కింది అదీ. మీ షాపులో కూడా తప్పు జరిగిన మొదటి నిమిషంలో దాన్ని చూసేది మిషన్ ముందున్న కుర్రాడే. అతను చెప్పడానికి భయపడితే రెండోసారి చూసేది కస్టమర్. అందుకని ముందు కోత ఆపండి. ఆపుతున్నానని అందరి ముందూ చెప్పండి.

ఇక మీరడిగిన పేర్ల సంగతి. సిక్స్ సిగ్మా చెడ్డదేం కాదు. 1986లో మోటరోలాలో పుట్టింది. పది లక్షల అవకాశాల్లో 3.4 లోపాలకు మించకూడదన్నది దాని గురి. ఒకే వస్తువు వేలల్లో, లక్షల్లో చేసేచోట దాని లెక్కలు అద్భుతంగా పనిచేస్తాయి. మీ లాంటి జాబ్ షాపుల్లో ఈ వారం నలభై హబ్‌లు, వచ్చే వారం పన్నెండు షాఫ్టులు. ఆ లెక్కలకి కావలసినంత సరుకే మీ దగ్గర ఉండదు. ఆ 6 లక్షలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి.

ఫైవ్ ఎస్ అంటే ప్రతి వస్తువునీ దాని చోట, శుభ్రంగా ఉంచే పద్ధతి. దాని మీద నాకొక పాత కోపం ఉంది. నేను పనిచేసినచోట ఆడిట్ ముందురోజు షాపు పెళ్ళివారిల్లులా ఉండేది. నేల మీద పసుపు గీతలు, గోడకి జపాన్ మాటలతో అయిదు బోర్డులు. ఆడిటర్ల కారు గేటు దాటగానే తుక్కు మళ్ళీ తన చోటికి తాను వచ్చేసేది. అలా కాకుండా ఒక్క టూల్ బోర్డుతో మొదలుపెడితే మంచిదే. ఏ పానా ఎక్కడుండాలో దాని ఆకారం గీసి పెట్టండి, ఖాళీ ఉంటే దూరం నుంచే కనిపిస్తుంది. ఇంకొకటి మన ఊరికి తప్పనిసరి. షిఫ్టు దిగేముందు తుడిచి, ఫినిష్ చేసిన ముఖాలకి నూనె రాయించండి. మన సముద్రపు గాలికి తెరిచిపెట్టిన ఉక్కు తెల్లారేసరికి ఎర్రబడుతుంది, ఇది మీకు నేను చెప్పాలా!

లీన్, కైజెన్ అన్నవి పేర్లు. పని మాత్రం ఒక్కటే: ఒక ఇబ్బందిని పట్టుకుని, చిన్న మార్పు చేసి, ఫలితం కొలిచి, బాగుంటే అదే పద్ధతిగా స్థిరపరచడం. దీనికి కావలసింది ఒక రూళ్ళ నోటుబుక్కు. తిరిగొచ్చిన ప్రతి జాబుకీ ఒక వరస రాయండి. ఏ జాబ్, ఏ మిషన్, ఏ టైం, ఏ కొలత, ఎంత తేడా. ఎవరు చేశారన్న గడి మాత్రం పెట్టకండి. గత మూడు నెలల రిటర్న్ చలాన్లు తీస్తే ఒక్క పూటలో పాత లెక్కా తయారవుతుంది. కారణం పక్కన అడ్డగీతలు గీసుకుంటూ పొండి. మూడు నాలుగు కారణాల దగ్గరే గీతలు గుత్తులు గుత్తులుగా పడతాయి. మొదటి గుత్తి తప్ప మిగతావాటి జోలికి రెండు నెలలు వెళ్ళకండి.

మీ ఫోన్ సంగతి కూడా తేలాలి. గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టండి. మిషన్‌కొక వరస: ఇప్పుడు ఏ జాబ్, తర్వాత ఏ జాబ్, ఎప్పటికి కావాలి. పొద్దున్న ఒకసారి మీరూ ఫోర్‌మనూ కలిసి రాయండి. మధ్యలో మార్చాలంటే ఫోన్లో కాదు, మీరే వచ్చి బోర్డు తుడిచి రాయాలని నియమం పెట్టుకోండి. ఎన్నిసార్లు మార్చారో మూలన ఒక గీత గీయండి. మొదటి వారం ఆ గీతలు లెక్కపెట్టుకున్నాక నాకు రాయనక్కర్లేదు, మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ట్రైనింగ్. హోటల్లో రెండు రోజులు దండగ ఎందుకయ్యాయో చూడండి. అక్కడ స్లయిడ్ల మీద గ్రాఫులు చూపించారు. సోమవారం మీ కుర్రాడు వచ్చి నిలబడింది అదే లేత్ ముందు, అదే వెర్నియర్‌తో, అదే అర్జెంటులో. నేర్చుకున్నది వాడడానికి అతనికి మీ షాపులో చోటేది? అందుకే ముందు పని జరిగే తీరుని సరిచేసి, ఆ సరిచేసిన తీరుని నేర్పాలి. ఈ వరస తిరగబడితే ఎంత ఖర్చుపెట్టినా సర్టిఫికెట్లే మిగులుతాయి.

నేర్పడానికి నేను నమ్మే పద్ధతి చాలా పాతది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో యుద్ధ సామగ్రి తయారీ పెరగడంతో, కొత్తవాళ్ళకి ఫ్యాక్టరీ పని త్వరగా నేర్పాల్సి వచ్చింది. 1940లో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అని ఒక కార్యక్రమం పెట్టారు. యుద్ధం అయ్యాక అది జపాన్ వెళ్ళింది. టయోటా ఇప్పటికీ పని నేర్పే తీరుకి మూలం అదే. జేబులో పట్టే కార్డు మీద నాలుగు మెట్లు. మనిషిని కుదుటపరచి అతనికి ఎంత తెలుసో కనుక్కోవడం. ఒక్కో అంచె చేసి చూపిస్తూ కీలకం ఎక్కడుందో, ఎందుకో చెప్పడం. అతని చేత చేయించి, చేస్తూ అతనే మనకి వివరించేలా చూడడం. తర్వాత ఒంటరిగా వదిలి, ఎవర్ని అడగాలో చెప్పి, మధ్య మధ్య వెళ్ళి చూడడం. మన దగ్గర రెండో మెట్టులో సగం చేసి వదిలేస్తాం. "చూశావు కదా, కానీ" అంటాం. చూసినవాడికి చెయ్యి కదలడం కనిపిస్తుంది, కీలకం కనిపించదు.

ఇక్కడే మీ బాబాయ్ కావాలి. నేను చూసిన పాత టర్నర్లలో ఒకాయన ఆఖరి కట్‌కి ముందు మిషన్ ఆపి, చక్ పూర్తిగా నిలిచాక, జాబుకి చెయ్యి వెనకవైపు ఆనించేవాడు, జ్వరం చూసినట్టు. వెచ్చగా తగిలితే బీడీ తాగి వచ్చేవాడు. బద్ధకమనుకునేవాళ్ళం. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. అది చదువని ఆయనకే తెలియదు. మీ బాబాయ్ చేతిలో ఇలాంటివి ఎన్నో ఉండి ఉంటాయి. ఆయన దగ్గర కూర్చుని, హబ్ బోరింగ్ మొదటినుంచి చివరిదాకా చేయించి, చదువుకున్న కుర్రాడొకడి చేత రాయించండి. ఒకే పేజీ, మూడు గళ్ళు: ఏం చేయాలి, కీలకం ఏమిటి, ఎందుకు. ఒక వరస ఇలా వస్తుంది: "ఫినిష్ కట్ ముందు ఆపు. చెయ్యి ఆనిస్తే వెచ్చదనం తెలియకూడదు. వేడి మీద కొలిస్తే చల్లారాక బోర్ బిగుసుకుంటుంది." తెలుగులో, వాళ్ళ మాటల్లోనే రాయించండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి లేత్‌కి తగిలించండి. కాగితం పనులని ఈసడించే మనిషి తన మాటలే ఆ కాగితం మీద చూసుకుంటే కొంచెం మెత్తబడతాడు. మెత్తబడకపోయినా కాగితం మీ దగ్గర ఉంటుంది.

వారానికొకసారి టీ టైంలో ఇరవై నిమిషాలు ఆరేడుగురిని కూర్చోబెట్టి ఆ నోటుబుక్కు తెరవండి. ఇది జపాన్ సరుకని బెంగ అక్కర్లేదు. మన దేశంలో మొదటి క్వాలిటీ సర్కిల్ మొదలైంది 1980లో, హైదరాబాద్ దగ్గర రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో. వర్కర్లే కూర్చుని తమ సమస్యల్ని తామే విప్పుకున్నారు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: మొదటి మూడు సమావేశాల్లో వాళ్ళు చెప్పినవాటిలో చౌకగా అయ్యేవి వెంటనే చేసేయండి. ఫ్యాను కావాలన్నారా, పెట్టండి. నాలుగో వారం అసలు సంగతులు బయటికొస్తాయి.

నేర్పాక వెళ్ళిపోతున్నారన్న బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఇద్దరూ ట్రైనింగ్ నుంచి వచ్చాక వాళ్ళ జీతం మారిందా, చేసే పని మారిందా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. గోడ మీద ఒక పట్టిక గీయండి: ఒకవైపు పేర్లు, పైన పనులు. పని రానివాడి గడిలో ఖాళీ సున్నా. చూస్తూ చేయగలిగితే సగం నింపండి, ఒంటరిగా చేయగలిగితే నిండా నింపండి. ఇంకొకరికి నేర్పగలిగితే దాని చుట్టూ ఇంకో గీత. ఒక్కో నిండు సున్నాకీ నెలకి ఇంత అని ముందే చెప్పండి. అప్పటికీ కొందరు పోతారు. అచ్యుతాపురంలో బస్సు పెట్టి, క్యాంటీన్ పెట్టి పిలుస్తుంటే మీరేం ఆపగలరు? కానీ ఆ పేజీలు లేత్‌కి వేలాడుతుంటే పోయినవాడితో పాటు పని పోదు. సంక్రాంతికి సగం షాపు ఊళ్ళకి వెళ్ళినప్పుడు ఏ మిషన్ ఆగుతుందో కూడా ఆ పట్టిక డిసెంబరులోనే చెప్పేస్తుంది.

ఇంకొకటి, మీకు తెలుసో లేదో: అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 మందికి తగ్గకుండా ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. మీరు 34 మంది. ఎలాగూ తీసుకోవాలి కాబట్టి, కంచరపాలెం ఐటీఐకి వెళ్ళి టర్నర్, ఫిట్టర్ కుర్రాళ్ళను మీరే చూసి ఎంచుకోండి. మొదటి రోజునుంచే ఆ నాలుగు మెట్లతో నేర్పించండి.

బయటి మనిషి సాయం కావాలంటే కన్సల్టెంటుకి ముందు మీ వీధి చివర చూడండి. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ బ్రాంచి ఆఫీసు ఆటోనగర్‌లోనే ఉంది. 2023లో లీన్ పథకం కొత్త రూపంలో వచ్చినప్పుడు కన్సల్టెంటు ఖర్చులో 90 శాతం ప్రభుత్వమే పెట్టుకునేలా పెట్టారు. జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) అనే నాణ్యతా సర్టిఫికేషన్‌కి కూడా సబ్సిడీ పెట్టారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకుని వెళ్ళి ఇప్పటి షరతులు కనుక్కోండి. అయితే ఆ నోటుబుక్కు ఒక నెల నింపాకే వెళ్ళండి. ఖాళీ చేతులతో వెళ్తే వాళ్ళు చెప్పింది మీరు వింటారు. లెక్కతో వెళ్తే మీకు కావలసింది మీరు అడుగుతారు.

బోర్ గేజ్ పాడవుతుందన్న మీ భయం తీసేయదగ్గది కాదు. చెక్కపెట్టె చేయించి, లోపల స్పాంజి వేసి, లేత్‌ల పక్కనే, ఉక్కు తురుము ఎగిరిపడని చోట పెట్టించండి. పక్కనే గేజ్‌ని సరిచూసుకునే సెట్టింగ్ రింగ్. దాని బాధ్యత బాబాయ్‌కి అప్పగించండి, రెండో షిఫ్టుకి ఇంకొకరికి. ఎప్పుడైనా పడిపోతుంది, ఖర్చవుతుంది. ఒక లాటు హబ్‌లు వెనక్కొచ్చినప్పుడు లారీ కిరాయి, రీవర్క్, ఆ ప్లాంటు స్టోర్స్ ముందు మీరు నిలబడ్డ గంటలు కలిపి చూస్తే ఏది ఎక్కువో మీరే లెక్కేయండి. తాళంచెవి మాత్రం రేపు పొద్దున్నే, ఆ పది హబ్‌లు కొలవడానికే, బాబాయ్ చేతికివ్వండి.